మహబూబ్ నగర్ జిల్లా జనాభా, శ్రామికులు, ఆర్థిక వ్యవస్థ

మహబూబ్ నగర్ జిల్లా తెలంగాణ దక్షిణ భాగమున ఉన్న మెట్ట జిల్లా. దీని పాత పేరు పాలమూరు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదుగా 1890లో మహబూబ్ నగర్ అని మార్చబడినది. అయినప్పటికీ ప్రజల వాడుకలో పాలమూరు పేరు ఏనాడూ పోలేదు. ముఖ్యంగా "పాలమూరు కూలీ", "పాలమూరు లేబర్" అనే మాటలు జిల్లాను ఎన్నడూ చూడని వారికి కూడా తెలుసు. కృష్ణా నది జిల్లా గుండాను, తుంగభద్ర దక్షిణపు సరిహద్దుగాను ప్రవహిస్తున్నవి. రెండు పెద్ద నదులు ఉండి కూడా కరువుకు, వలసలకు పేరుపడిన ప్రాంతము ఇది.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణకు ముందు జిల్లా వైశాల్యము 18,432 చదరపు కిలోమీటర్లు, మండలాల సంఖ్య 64. ఈ వ్యాసంలో ప్రత్యేకంగా పేర్కొనని చోట జిల్లా అనగా ఆ ఉమ్మడి జిల్లాయే. జనాభా గణాంకాలు ఇప్పటికీ ఎక్కువగా దాని సరిహద్దుల ప్రకారమే లభ్యమగుచున్నవి.

జిల్లా జనాభా, శ్రామికుల అంకెలను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవలెను. ఇక్కడి శ్రామికులలో గణనీయమైన భాగము సంవత్సరంలో కొన్ని నెలలు జిల్లాలో ఉండదు. వారి పని వేరొక చోట, ఇల్లు, ఓటు, అప్పు మాత్రం ఇక్కడ. జనగణన జరిగేది కూడా సరిగ్గా వారు ఊళ్ళో లేని నెలలోనే.

జనాభా

2001 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనాభా 35,13,934. 2011 నాటికి ఇది 40,53,028కి పెరిగినది. ఇందులో పురుషులు 20,50,386, స్త్రీలు 20,02,642. దశాబ్దపు పెరుగుదల 15.34 శాతం. అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెరుగుదల 10.98 శాతం మాత్రమే. వలస జిల్లా అనగానే జనాభా తగ్గిపోతుందని అనుకోవడం సహజము, కాని పాలమూరు వలస అటువంటిది కాదు. వెళ్ళినవారు తిరిగి వస్తారు, మళ్ళీ వెళ్తారు. ఊరు ఖాళీ అయ్యేది కొన్ని నెలలకే.

2011లో పట్టణ జనాభా 15 శాతం. లక్ష దాటిన పట్టణం జిల్లా కేంద్రమైన మహబూబ్ నగర్ ఒక్కటే. గద్వాల, వనపర్తి, నారాయణపేట, జడ్చర్ల, షాద్ నగర్, నాగర్ కర్నూల్, కల్వకుర్తి వంటివి మార్కెట్ యార్డు, బస్టాండు, తాలూకా కచేరీ చుట్టూ పెరిగిన చిన్న పట్టణాలు. జిల్లా ప్రజలకు అసలైన నగరం వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు. పశ్చిమ మండలాల వారికి అది కూడా కాదు, ముంబై. షెడ్యూల్డు కులాల వారు జనాభాలో సుమారు 17 శాతం, షెడ్యూల్డు తెగల వారు సుమారు 9 శాతం. తెగలలో లంబాడీలు అధికసంఖ్యాకులు. నల్లమల అడవిలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులు నివసిస్తున్నారు.

అక్షరాస్యత 2011లో 55.04 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాలలో ఇదే అత్యల్పము. కొత్త జిల్లాల ప్రకారం విడదీస్తే జోగులాంబ గద్వాల 49.87 శాతం, నారాయణపేట 49.93 శాతం. అనగా 2011లో ఆ రెండు చోట్లా సగం మందికి పైగా చదవడం రానివారే. తల్లిదండ్రులతో పాటు పని చోటికి వెళ్ళే పిల్లలు దీపావళి తరువాత బడి మానివేసి వేసవిలో తిరిగి రావడం ఇందుకు ఒక ముఖ్య కారణము. వీరి కోసం వలస కాలంలో నడిచే సీజనల్ హాస్టళ్ళు ఏర్పాటు చేయబడినవి. పిల్లలను అవ్వ తాతల దగ్గర వదలి వెళ్ళే కుటుంబాలకు ఇవి కొంత ఆసరా అయినవి.

లింగ నిష్పత్తి వెయ్యి మంది పురుషులకు 977 మంది స్త్రీలు. ఈ అంకెలో పాలమూరు వలస స్వభావం దాగి ఉన్నది. పురుషులు మాత్రమే వలస వెళ్ళే ప్రాంతాలలో స్త్రీల సంఖ్య పురుషుల కంటే ఎక్కువగా ఉంటుంది. ఉదాహరణకు తరతరాలుగా ముంబై మిల్లులకు మగవారిని పంపిన మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో 2011 లింగ నిష్పత్తి 1,122. అదే ముంబైకి మనుషులను పంపే పాలమూరులో అటువంటి తేడా కనిపించదు. ఇక్కడి నుండి భార్యాభర్తలు కలిసి వెళ్తారు. మట్టిపని, కాంక్రీటు పనిలో తవ్వే మగవారితో పాటు తట్ట మోసే ఆడవారు కూడా అవసరం. మేస్త్రీలు కూలీలను జంటలుగా లెక్కిస్తారు.

జనగణన, వలస కాలము

2011 జనగణన ఫిబ్రవరి 9 నుండి 28 వరకు జరిగినది. మార్చి 1 నుండి 5 వరకు సవరణ చేపట్టారు. ఒక వ్యక్తి ఈ ఫిబ్రవరి రోజులలో ఏ ఒక్కనాడు తన ఇంట ఉన్నా ఆ ఇంటిలోనే లెక్కించబడతాడు. ఆ రోజులన్నీ ఊళ్ళో లేకుంటే అతడు ఎక్కడ దొరికితే అక్కడి లెక్కలోకి వెళ్తాడు. 2001లోనూ పద్ధతి, నెల ఇవే.

పాలమూరు వ్యవసాయ క్యాలెండరుతో దీనిని పోల్చి చూడవలెను. వానాకాలపు పంటలు దసరా, దీపావళి నాటికి ఇల్లు చేరుతాయి. నీటి వసతి లేని చెలక భూములలో ఆ తరువాత పని లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో కుటుంబాలు బయలుదేరుతాయి. కొందరు ఉగాదికి, ఎక్కువమంది తొలకరికి తిరిగి వస్తారు. కనుక ఫిబ్రవరి నెల వలస పూర్తి ఊపులో ఉండే సమయము. ముంబై శివారులో కట్టుబడి జరిగే చోట గుడిసెలో ఉన్న జంట అక్కడ లెక్కించబడవచ్చు. అక్కడి ఎన్యూమరేటరు ఆ గుడిసె దాకా రాకపోతే ఎక్కడా లెక్కించబడకపోవచ్చు. ఊళ్ళోని ముసలివారు కొడుకు, కోడలి పేర్లు కూడా చెప్పి రాయించే సందర్భాలూ ఉంటాయి. ఈ మూడింటిలో ఏది ఎంత జరిగినదో జిల్లా మొత్తపు అంకె చెప్పజాలదు.

జనగణనలోని వలస పట్టికలు కూడా ఇందుకు ఉపయోగపడవు. అవి పుట్టిన చోటు, గత నివాసం అడుగుతాయి. ఏటేటా పోయి వచ్చేవాడు వాటికి వలసదారుడే కాడు. జాతీయ నమూనా సర్వే సంస్థ 2007-08లో జరిపిన సర్వేలో, ఉపాధి కోసం నెల రోజులకు తగ్గకుండా ఆరు నెలలకు మించకుండా ఇంటికి దూరంగా ఉన్నవారిని స్వల్పకాలిక వలసదారులుగా లెక్కించింది. పాలమూరు కూలీలలో చాలామంది ఎనిమిది, పది నెలలు ఉంటారు. వారు ఆ నిర్వచనానికి కూడా అందరు.

అధికారికమైన లెక్క లేని చోట సభలలో చెప్పే లెక్కలు నిలబడిపోతాయి. పది లక్షల మంది వలస వెళ్తున్నారని, పద్నాలుగు లక్షల మంది అని తెలంగాణ ఉద్యమ కాలంలో తరచు వినిపించేది. 2001 జనాభా 35 లక్షలు, అందులో పనిచేసేవారు సుమారు సగం అనుకుంటే పదిహేడు, పద్దెనిమిది లక్షలు. పద్నాలుగు లక్షల మంది వెళ్ళారంటే ప్రతి ఐదుగురు శ్రామికులలో నలుగురు జిల్లాలో లేరన్నమాట. పిల్లలను, వృద్ధులను, హైదరాబాదులో స్థిరపడినవారిని కలుపుకుంటే తప్ప ఇది పొసగదు. అంకె పెద్దదైనంత మాత్రాన బాధ పెద్దది కాదు, చిన్నదైతే బాధ తగ్గదు. కాని పనులకు, బియ్యానికి, హాస్టళ్ళకు నిధులు కేటాయించేది అంకెను బట్టే కాబట్టి దీనికి ప్రాముఖ్యత ఉన్నది.

వలస కూలీలు ఊళ్ళో ఉండగా జరిగిన గణన ఒకటి ఉన్నది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే నిర్వహించినది. ఆ రోజు ఇంట లేకపోతే రేషను కార్డు, పింఛను పోతాయన్న భయంతో ముంబై, భివండి, పూణేల నుండి జనం బస్సులు, రైళ్ళు కిక్కిరిసి ఊళ్ళకు చేరుకున్నారు. ఎన్నికల సమయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. నారాయణపేట, కోస్గి, మద్దూరు ప్రాంతాల ఓటర్లను తీసుకురావడానికి పార్టీలు ముంబైకి బస్సులు పంపడం పరిపాటి. జనగణనకు దొరకని కూలీ అభ్యర్థికి దొరుకుతాడు.

శ్రామికులు

జనగణన పరిభాషలో సంవత్సరంలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేసినవారు ప్రధాన శ్రామికులు, తక్కువ పనిచేసినవారు ఉపాంత శ్రామికులు. జిల్లా జనాభాలో దాదాపు సగం మంది శ్రామికులు. ఇది ఉమ్మడి రాష్ట్ర సగటు కంటే ఎక్కువ. అభివృద్ధి చెందిన ప్రాంతాలలో శ్రామికుల నిష్పత్తి ఎక్కువగా ఉంటుందని భావించరాదు. పని మానుకొని చదువుకోగల స్థోమత, ఇంటి వద్ద ఉండగల స్థోమత లేనిచోట కూడా ఈ నిష్పత్తి పెరుగుతుంది. పాలమూరులో స్త్రీలలో పనిచేసేవారి శాతం ఎక్కువ, చదివినవారి శాతం తక్కువ.

శ్రామికులలో సాగుదారులు, వ్యవసాయ కూలీలు కలిసి మూడింట రెండు వంతులకు పైగా ఉన్నారు. ఈ విభజన కూడా కాగితం మీద కనిపించినంత స్పష్టమైనది కాదు. రెండెకరాల చెలక ఉన్న రైతు వానాకాలంలో సాగుదారుడు, నాట్ల సమయంలో పక్క రైతు పొలంలో కూలీ, కార్తీకం దాటాక కట్టుబడి కూలీ. గణన పత్రంలో అతనికి ఒకే గడి.

పాలమూరు కూలీ

జిల్లా నుండి దూర ప్రాంతాలకు కూలీలు వెళ్ళడం కొత్త విషయం కాదు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి బొంబాయికి వెళ్ళి కట్టుబడి పనులు చేసిన కామాటీల పేరు మీదనే ఆ నగరంలోని కామాటిపురకు ఆ పేరు వచ్చినది. స్వాతంత్ర్యానంతరం పెద్ద ఆనకట్టల నిర్మాణంతో మట్టి తవ్వకం, రాతి పనిలో పాలమూరు కూలీలకు గిరాకీ పెరిగినది. పక్కనున్న నల్గొండ జిల్లాలో 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతికట్టడపు ఆనకట్ట. యంత్రాల కన్నా మనుషుల చేతుల మీద లేచిన కట్టడము. అక్కడ, తరువాత శ్రీశైలంలో వేలాది పాలమూరు కూలీలు పనిచేశారు. అటుపై దేశంలోని అనేక రాష్ట్రాలలో కాలువలు, సొరంగాలు, రహదారుల పనులకు వీరిని తీసుకువెళ్ళారు. శ్రీశైలం జలాశయపు నీరు 1981లో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల గ్రామాలను ముంచినప్పుడు భూములు పోయినవారిలో కూడా అనేకులు ఈ వలసదారులలో చేరిపోయారు.

ఈ వలస నడిచేది మేస్త్రీ వ్యవస్థ మీద. గుత్తేదారు నుండి డబ్బు తీసుకున్న గుంపు మేస్త్రీ ఊళ్ళలో కుటుంబాలకు ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. పెళ్ళికో, బోరుబావికో, వైద్యానికో చేసిన అప్పు ఆ అడ్వాన్సుతో తీరుతుంది. కూలీ ఆ డబ్బుకు కట్టుబడి నెలల తరబడి పనిచేయవలెను. పనిచోట తిండి ఖర్చులకు వారం వారం కొంత ఇస్తారు. అసలు లెక్క తేలేది తిరుగు ప్రయాణం నాడే. రోజు కూలీ ఎంతో ముందుగా తెలియదు, పని గంటలకు హద్దు లేదు, మధ్యలో జబ్బు పడితే ఆ రోజులు లెక్కలో తగ్గుతాయి. లెక్క చూసిన తరువాత కూలీకే ఇంకా బాకీ మిగిలితే మరుసటి ఏడు కూడా అదే మేస్త్రీ వెంట పోవలసి ఉంటుంది. మేస్త్రీ బయటివాడు కాదు. తరచు అదే ఊరివాడు, ఒకనాటి కూలీయే. నమ్మకం వల్లనే ఈ వ్యవస్థ నడుస్తుంది, ఆ నమ్మకం వల్లనే ఫిర్యాదు కూడా పుట్టదు.

అందరూ ఇలాగే వెళ్ళరు. ముంబై, పూణేలకు వెళ్ళేవారిలో చాలామంది అడ్వాన్సు లేకుండా స్వంతంగా వెళ్ళి అడ్డా మీద నిలబడి పని వెతుక్కుంటారు. హైదరాబాదులో అడ్డా కూలీ, వాచ్‌మన్, ఆటో, ఇంటిపని వీరి ఉపాధి. నారాయణపేట, మహబూబ్ నగర్‌ల నుండి బయలుదేరే ముంబై బస్సు జిల్లా సాహిత్యంలోనూ, పాటలలోనూ వలసకు గుర్తుగా నిలిచిపోయినది.

చట్టాల విషయానికి వస్తే, అడ్వాన్సుకు బదులుగా శ్రమను కట్టివేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరము. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినది. ఐదుగురు, అంతకు మించిన వలస కార్మికులను తీసుకువెళ్ళే గుత్తేదారు లైసెన్సు పొందవలెను, ప్రతి కార్మికునికి ఫోటోతో కూడిన పాస్ పుస్తకం ఇవ్వవలెను, ప్రయాణ ఖర్చు, స్థానచలన భత్యం చెల్లించవలెను అని అది నిర్దేశించినది. అయితే చట్టం ఊహించిన గుత్తేదారు పేరు, చిరునామా ఉన్నవాడు. పాలమూరులో కూలీకి తెలిసినది మేస్త్రీ మాత్రమే, ఆ పైన ఉన్న ఉపగుత్తేదారులు, కంపెనీలు కూలీకి తెలియవు, కంపెనీ రిజిస్టరులో కూలీ పేరు ఉండదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఈ చట్టాన్ని తనలో కలుపుకొని ఐదుగురు అన్న పరిమితిని పదిమందికి పెంచినది. చిన్న గుంపులుగా వెళ్ళే కూలీలకు ఇది నష్టమే.

2006 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే మహబూబ్ నగర్, నల్గొండ రెండు జిల్లాలూ చేర్చబడినవి. కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని అనేది దాని హామీ. ఊరిలో కూలీ రేటు పెరగడానికి, ముఖ్యంగా స్త్రీల కూలీ పెరగడానికి ఇది దోహదం చేసినది. కాని అప్పు తీరడానికి కావలసినది ఒకేసారి చేతికందే మొత్తము. అది మేస్త్రీ దగ్గర ఉన్నది, మస్టరు రోల్లో లేదు.

వ్యవసాయం, నీరు

జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 600 మిల్లీమీటర్లు. నేలలు ఎక్కువగా ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు. కృష్ణా తీరంలోను, నడిగడ్డలోను నల్లరేగడి ఉన్నది. జొన్న, ఆముదం, వేరుశనగ, కంది, రాగి సాంప్రదాయక పంటలు. ఒకప్పుడు మహబూబ్ నగర్, నల్గొండ చెలకలు ఆముదాల సాగుకు దేశంలోనే పేరుపొందినవి. 1990ల నుండి ఆముదం స్థానాన్ని పత్తి ఆక్రమించినది. ఆముదానికి పెట్టుబడి తక్కువ, రాబడి తక్కువ. పత్తికి రెండూ ఎక్కువే, వాన తప్పినప్పుడు మిగిలే అప్పు కూడా ఎక్కువే.

నదులు ఉండి నీరు లేకపోవడానికి రెండు కారణాలు. మొదటిది భౌగోళికము: నదులు లోతున, పొలాలు ఎత్తున ఉన్నవి. రెండవది రాజకీయము. హైదరాబాదు రాష్ట్రంలో ఎగువ కృష్ణా, భీమా, తుంగభద్ర ఎడమ కాలువల ద్వారా ఈ జిల్లాకు నీరు మళ్ళించే ప్రతిపాదనలు ఉండేవి. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ కాలువల ఎగువ భాగం కర్ణాటకకు (అప్పటి మైసూరు), దిగువ భాగం ఆంధ్రప్రదేశ్‌కు పోయి పథకాలు మూలబడినవి. కృష్ణా జలాల వివాదంపై బచావత్ ట్రిబ్యునల్ ఈ ప్రాంతపు వెనుకబాటును దృష్టిలో ఉంచుకొని జూరాలకు 17.84 టి.ఎం.సి.లు కేటాయించినది. 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల నుండి కాలువలకు నీరు వచ్చేసరికి 1990లు గడిచిపోసాగినవి. దాని ఆయకట్టు సుమారు లక్ష ఎకరాలు. తుంగభద్రపై రాజోలిబండ మళ్ళింపు పథకం కాగితం మీద 87,500 ఎకరాలకు ఉద్దేశించినది. కాలువ తల కర్ణాటకలో ఉండడంతో అలంపూర్ ప్రాంతపు చివరి భూములకు నీరందడం ఏనాడూ వివాదమే.

2000ల తరువాత దృష్టి ఎత్తిపోతల వైపు మళ్ళినది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్ సాగర్ అనే నాలుగు ఎత్తిపోతల పథకాల వలన 2010 దశకంలో నాగర్ కర్నూల్, వనపర్తి, మక్తల్, గద్వాల ప్రాంతాలలో వరి సాగు విస్తరించినది. 2015 జూన్ 11న భూత్పూర్ మండలం కరివెనలో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగినది. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్ వద్ద మొదటి పంపు ప్రారంభించబడినది. వలసకు మూలస్థానమైన కొడంగల్, నారాయణపేట మెట్టలకు నీరిచ్చే ప్రత్యేక ఎత్తిపోతలకు 2024 ఫిబ్రవరి 21న కోస్గిలో శంకుస్థాపన చేశారు.

విత్తన పత్తి

గద్వాల, ఐజ, మల్దకల్, ధరూర్ ప్రాంతాలలో హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి పెద్ద వ్యాపారము. సామాన్యంగా పత్తి పండించేదానికి, దీనికి చాలా తేడా ఉన్నది. ఇక్కడ పూవు విచ్చకముందే దాని కేసరాలను చేతితో తీసివేసి, మరునాటి ఉదయం మగ మొక్క పుప్పొడిని అద్దవలెను. ఊళ్ళలో దీనిని క్రాసింగ్ అంటారు. ఒక్కొక్క పూవుకు ఒక్కొక్కసారి చేయవలసిన పని కావున రెండు నెలల పాటు ఎకరానికి రోజూ పలువురు కూలీలు కావాలి. మొక్కల ఎత్తు తక్కువ, చేసే పని సున్నితం అన్న సాకుతో దీర్ఘకాలం బాలికలను ఈ పనిలో పెట్టారు. 2000ల నుండి స్వచ్ఛంద సంస్థల, ప్రభుత్వ ఒత్తిడి వలన బాలకార్మికుల సంఖ్య తగ్గినది గాని పూర్తిగా పోలేదు.

ఇక్కడ కూడా డబ్బు నడిచే దారి మేస్త్రీ వ్యవస్థను పోలినదే. కంపెనీకి, రైతుకు నడుమ ఆర్గనైజరు ఉంటాడు. అతడు రైతుకు మూలవిత్తనం, పెట్టుబడి ఇస్తాడు, పంట తానే తీసుకుంటాడు. విత్తనం మొలక, స్వచ్ఛత పరీక్షలో తప్పితే నష్టం రైతుది. ధర కంపెనీ నిర్ణయిస్తుంది. రైతుకు కంపెనీతో నేరుగా ఒప్పందపత్రం ఉండడం అరుదు.

చేనేత, పశుపోషణ

గద్వాల చీర నూలు మీద పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసేది. నారాయణపేట చీరలో గళ్ళు, మరాఠా ప్రాంతపు రంగుల పోకడ కనిపిస్తాయి. రెండూ భౌగోళిక గుర్తింపు పొందినవి. కొత్తకోట, అమరచింతలలో కూడా మగ్గాలున్నవి. గొర్రెల పెంపకంలో ఈ జిల్లా రాష్ట్రంలో ముందున్నది. కురుమ, గొల్ల కులాల వారు మందలతో వేసవిలో నీరున్న ఆయకట్టు ప్రాంతాలకు తరలిపోతారు. దీనిని వలస అని ఎవరూ అనరు గాని అది కూడా వలసే.

పరిశ్రమలు

హైదరాబాదుకు దగ్గరగా జాతీయ రహదారి పక్కన ఉన్న కొత్తూరు, షాద్ నగర్‌లలో పరిశ్రమలు వచ్చినవి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత అక్కడి భూముల ధరలు బాగా పెరిగినవి. 2016 విభజనలో ఈ మండలాలు రంగారెడ్డి జిల్లాలో కలిసిపోయినవి. కొడంగల్ ప్రాంతం వికారాబాద్ జిల్లాకు వెళ్ళినది. ఈ విధంగా సుమారు ఐదు లక్షల జనాభా ఉమ్మడి జిల్లా పరిధి నుండి తప్పుకున్నది. రాజధానికి ఆనుకొని ఉన్న సంపన్నమైన కొస పోయి, మెట్ట మిగిలినది.

మిగిలిన ప్రాంతంలో ముఖ్యమైనది జడ్చర్ల సమీపంలోని పోలేపల్లి ఔషధ ప్రత్యేక ఆర్థిక మండలి. 2000ల తొలినాళ్ళలో చిన్నకారు రైతుల నుండి తక్కువ పరిహారంతో సేకరించిన భూమిలో ఇది ఏర్పడినది. భూములు కోల్పోయినవారు దీర్ఘకాలం ఆందోళన చేశారు. 2008 జడ్చర్ల శాసనసభ ఉపఎన్నికలో వారిలో పలువురు నామినేషన్లు వేసి పోటీ చేయడం దేశం దృష్టిని ఆకర్షించినది. ఫ్యాక్టరీలలో శాశ్వత ఉద్యోగాలకు చదువు అడ్డు కావడంతో భూమి ఇచ్చిన కుటుంబాలలో చాలామందికి స్వీపరు, తోటపని, కాపలా వంటి గుత్త పనులే దక్కినవి. మహబూబ్ నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మే నెలలో ఐటీ టవరు ప్రారంభము, బ్యాటరీ పరిశ్రమకు శంకుస్థాపన జరిగినవి.

2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా విడిపోయినది. 2011 లెక్కల ప్రకారం ప్రస్తుత మహబూబ్ నగర్ జిల్లా జనాభా 9,19,903, నారాయణపేట 5,66,874, నాగర్ కర్నూల్ 8,61,766, వనపర్తి 5,77,758, జోగులాంబ గద్వాల 6,09,990.

నల్గొండతో పోలిక

పొరుగున ఉన్న ఉమ్మడి నల్గొండ జిల్లా జనాభా 2001లో 32,47,982, 2011లో 34,88,809. పెరుగుదల 7.41 శాతం, అనగా పాలమూరులో సగం. అక్షరాస్యత 64.20 శాతం. నల్గొండలో ఒకే జిల్లాలో రెండు ఆర్థిక వ్యవస్థలు కనిపిస్తాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్ నగర్‌లలో వరి, రైసు మిల్లులు, కృష్ణా తీరాన సున్నపురాయి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు ఉన్నవి. మిల్లులలో హమాలీ పనికి బీహారు నుండి కూలీలు వస్తారు. కాలువ ఎక్కని దేవరకొండ, మునుగోడు ప్రాంతాలు మాత్రం పాలమూరు మెట్టల వంటివే. వాటికి తోడు తాగునీటిలో ఫ్లోరైడు సమస్య. అక్కడి లంబాడీ తండాల నుండి హైదరాబాదుకు, చేనేత గ్రామాల నుండి భివండి, షోలాపూర్, సూరత్ మగ్గాలకు వలసలు సాగినవి. వలసను నిర్ణయించేది జిల్లా కాదు, కాలువ గట్టు ఏ పక్కన ఉన్నామన్నది.

ఇటీవలి స్థితి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు పాలమూరు కూలీలు ఇంకా పని చోట్లనే ఉన్నారు. ముంబై, పూణేలలో చిక్కుకుపోయినవారు లెక్క తేలకుండానే నానా కష్టాలు పడి ఇళ్ళు చేరారు. ఆ తరువాత కొందరు తిరిగి వెళ్ళలేదు. ఎత్తిపోతల నీరు వచ్చిన గ్రామాలలో వారికి ఊళ్ళోనే పని దొరికినది. దీనిని బట్టి వలస ఆగిపోయినదని ప్రకటించినవారు ఉన్నారు. నీరు అందని నారాయణపేట, కోస్గి, మద్దూరు పల్లెల నుండి ముంబై బస్సు నడుస్తూనే ఉన్నది.

నీరు వచ్చిన చోట ఒక కొత్త మార్పు గమనింపదగినది. యాసంగి వరి నాట్లకు బీహారు, పశ్చిమ బెంగాల్ నుండి కూలీల బృందాలు తెలంగాణ జిల్లాలకు రావడం మొదలైనది. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకొని, మగవారే నాట్లు వేస్తారు. వీరికి కూడా ఒక మేస్త్రీ ఉంటాడు.

2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా వాయిదా పడినది. 2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ప్రకారం తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, అనగా ఇంటింటి లెక్క మళ్ళీ ఫిబ్రవరి నెలలోనే. ఆ సమయానికి పాలమూరు పల్లెలలో నాట్లు వేస్తూ ఉండే బీహారు కూలీలు ఈ జిల్లా లెక్కలోకి, ముంబైలో ఇటుకలు మోస్తూ ఉండే పాలమూరు కూలీలు మహారాష్ట్ర లెక్కలోకి వస్తారు.